భుజానికి భయం లేని బందూకు



టెక్సస్‌లో ఉన్న మా ఆపా కొడుకు ఈమధ్య ఫోన్ చేసి ఒక సవాల్ అడిగాడు. ఆఫీసు దోస్తులు దుప్పుల షికార్‌కు రమ్మంటున్నారట. "ఏ కేలిబర్ రైఫిల్ తీసుకుంటే బాగుంటది మామూ?" అన్నాడు. నేను షికారీని కాను, షికార్ కేసుల గురించి రాసే విలేకరిని. బందూకుల సంగతి నాకు తెలిసిందల్లా పంచనామాలు చదివి, పుస్తకాలు చదివి, తెలిసినవాళ్లతో చాయ్ తాగుతూ విని నేర్చుకున్నదే. అయినా జవాబు రాయాలనిపించింది. ఎందుకంటే వాడు ఇదే సవాల్ మా ఖాందాన్ బుజుర్గులను కూడా అడిగాడు. వాళ్ల జవాబు నాకు నచ్చలేదు.

"పెద్దది తీసుకో బేటా. చిన్న బందూకు పట్టుకుంటే నవ్వుతరు" అన్నారు ఒకరు. "తన్నని బందూకు కూడా ఒక బందూకేనా?" అన్నారు ఇంకొకరు.

నా జవాబు దీనికి ఉల్టా. దుప్పిని వేటాడేవాడికి సరైన కేలిబర్ అంటే వాడి భుజం భయపడని కేలిబర్. బందూకు వెనక్కి తన్నే తన్నును ఇంగ్లీషులో రీకాయిల్ అంటారు, మనం ధక్కా అనుకుందాం. ఆ ధక్కాకు భయపడే మనిషి చేతిలో ఎంత పెద్ద బందూకున్నా ఆ భయానికి సజా పడేది జానవర్‌కే. అందుకే ఇది షౌఖ్ మాట కాదు, మర్దానగీ మాట అసలే కాదు. నా ఖయాల్‌లో ఇది రహమ్ మాట, హలాల్-హరామ్ మాట.

ఇక్కడ ఏ కేలిబరూ సరైంది కాదు

ముందు వరంగల్ మాట తేల్చుకుందాం. ఇది చదివి ఏ నౌజవానూ ఏటూరునాగారం వైపో, పాకాల వైపో చూడొద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక, 1991లో దాన్ని సవరించాక, లైసెన్సు తీసుకుని షౌఖ్‌గా షికార్ చేసే దారి మన దేశంలో మూసుకుపోయింది. చంపితేనే జుర్మ్ అనుకోవద్దు. ఉచ్చు వేయడం, వల పన్నడం, గాయపరచడం, ఆ ప్రయత్నం చేయడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. 1998లో జోధ్‌పూర్ దగ్గర జరిగిన కాలా హిరన్ల వేట కేసులో సల్మాన్ ఖాన్‌కు 2018లో కింది కోర్టు ఐదేళ్ల సజా వేసింది. అప్పీలు సంగతి పక్కన పెట్టండి. ఇరవై ఏళ్ల పాటు కోర్టు మెట్లు ఎక్కి దిగడం అంత పైసా ఉన్న సితారాకే భారమైంది. మన గల్లీ పిల్లగాడికి ఎట్ల ఉంటుందో మీరే అంచనా వేసుకోండి.

"దీన్ హలాల్ చేసింది కదా, సర్కార్ ఎవరు ఆపడానికి?" అని అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లకు సూరె మాయిదా గుర్తు చేస్తాను. ఇహ్రామ్‌లో ఉన్నవాడికి నేల మీది షికార్ హరామ్ అని అక్కడే ఉంది. మక్కా హరమ్‌లో, మదీనా హరమ్‌లో జానవర్ల జోలికి పోకూడదు, అక్కడి చెట్లకు కూడా హిఫాజత్ ఉంది. అంటే హలాలైన షికార్‌కు కూడా ఒక చోటు ఉంటుంది, ఒక వేళ ఉంటుంది, ఒక హద్దు ఉంటుంది అన్న మాట మనకు కొత్తది కాదు. మనం ఉంటున్న ముల్క్ ఒక హద్దు గీసింది. అది జాలిమ్ హద్దు కూడా కాదు. కడుపు నింపుకోవడానికి మనకు మటన్ ఉంది, ముర్గీ ఉంది. అడవికి మాత్రం మిగిలింది ఆ నాలుగు దుప్పులే.

అక్కడి సంగతి వేరు. విచిత్రం చూడండి. తెలంగాణ వచ్చాక 2014లో మన సర్కార్ రాష్ట్ర జంతువుగా ఎంచుకున్నది జింకను, అదే మన చుక్కల దుప్పిని. ఆ దుప్పినే 1932లో టెక్సస్‌కు తీసుకుపోయి వదిలారు. అక్కడి గడ్డి దానికి బాగా పడింది. ఇప్పుడు మందలు మందలుగా పెరిగి, అక్కడి తెల్లతోక జింకల మేతకు పోటీ అయింది. తెల్లతోక జింకకు అక్కడ సీజన్ ఉంది, ఎన్ని చంపొచ్చో లెక్క ఉంది. చుక్కల దుప్పికి సీజన్ లేదు. లైసెన్సు, భూమి మాలిక్ ఇజాజత్ ఉంటే ఏడాది పొడుగునా వేటాడొచ్చు. ఇక్కడ కాల్చితే జైలుకు పంపే జానవర్, అక్కడ మంద తగ్గించమని పిలిచి కాల్చమనే జానవర్. ఒకే జానవర్‌కు రెండు ముల్కుల్లో రెండు హుకుంలు. కాబట్టి కేలిబర్ ముచ్చట అక్కడ కానూన్ ప్రకారం పోయే పిల్లల కోసమే చెప్తున్నాను.

పెద్ద బందూకు మోజు ఎక్కడిది?

మన బుజుర్గుల దిమాగ్‌లో షికార్ అంటే నవాబుల షికార్. దానికి మన జిల్లా గవాహీ కూడా ఉంది. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు షికార్ క్యాంపు వేసింది మన నెక్కొండ దగ్గరే. చచ్చిన పులితో కర్జన్, లేడీ కర్జన్ ఉన్న లాలా దీన్‌దయాళ్ ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల షికార్‌కు పేరుమోసినవాడు. ఆ ఫోటోలు చూసి, ఆ కథలు విని పెరిగిన తరాలకు బందూకు ఎంత పెద్దదైతే అంత షాన్.

కానీ ఆ ఫోటోలో కనిపించనివి కూడా ఉన్నాయి. ఆ పెద్ద కేలిబర్లు పులి కోసం, అడవిదున్న కోసం, మనిషి మీదికి వచ్చే జానవర్ కోసం తయారైనవి. ఆ రైఫిళ్లు కూడా బరువుగా ఉండేవి. సాహెబ్ మోసేవాడు కాదు, వెనక నడిచే నౌకరు మోసేవాడు. బరువైన బందూకు ధక్కాను తనే కొంత మింగుతుంది. ఇక అడవిని తోలుకొచ్చే హాంకా వాళ్లు ఉండేవారు, మంచె ఉండేది, సాహెబ్ గోలీ తప్పితే కాల్చడానికి పక్కన ఇంకో నిషానేబాజ్ ఉండేవాడు. ఇవేవీ లేకుండా ఒక్క పెద్ద కేలిబర్ మాత్రం తెచ్చుకుని, దాన్ని తేలికైన కొత్త రైఫిల్‌లో పెట్టి, అరవై డెబ్భై కిలోల జింక మీద కాల్చడం నవాబీ కాదు. నకల్ మాత్రమే.

ఇంకో మాట. మన దగ్గర లైసెన్సు బందూకున్న ఇళ్లలో కనిపించే రైఫిల్ .315. ఇషాపూర్ కార్ఖానా నుంచి వచ్చేది. .303 లాంటి ఫౌజీ కేలిబర్ మామూలు మనిషి చేతికి పోకూడదన్న హుకూమత్ రూలు నడిచింది కాబట్టి ఈ .315 ఇక్కడ పాతుకుపోయింది. అంటే మన తాతలు కేలిబర్‌ను జానవర్‌ను చూసి ఎంచుకోలేదు, భుజాన్ని చూసీ ఎంచుకోలేదు. కానూన్ ఇచ్చింది పట్టుకున్నారు. ఎంచుకునే తజుర్బా మన ఖాందాన్లలో లేనే లేదు. లేని తజుర్బాతో పిల్లలకు సలహా ఇవ్వొద్దన్నదే నా షికాయత్.

తులాల్లో చెప్పుకుందాం

గోలీ బరువును గ్రెయిన్లలో చెప్తారు. మనకు ఆ లెక్క తులంతో తేలిక. 180 గ్రెయిన్లు అంటే సరిగ్గా ఒక తులం. 100 గ్రెయిన్ల గోలీ అరతులం కంటె కొంచెం ఎక్కువ. ఆడపిల్ల పెళ్లికి బంగారం కొన్న ప్రతి అమ్మీకి ఈ బరువు చేతిలో తెలుసు.

ధక్కా ఎంతన్నది నాలుగింటి మీద ఆధారపడుతుంది: గోలీ బరువు, దాని వేగం, కార్తూస్‌లో బారూద్ ఎంత, బందూకు బరువు ఎంత. మొదటి మూడు పెరిగితే ధక్కా పెరుగుతుంది. బందూకు బరువు పెరిగితే తగ్గుతుంది. దీన్ని ఫుట్-పౌండ్లలో కొలుస్తారు. మూడున్నర కిలోలకు కాస్త అటూఇటూగా ఉండే మామూలు రైఫిల్‌లో లెక్క దాదాపు ఇట్ల వస్తుంది.

.243 వించెస్టర్, 100 గ్రెయిన్ల గోలీ: సుమారు 9.
.30-30, 150 గ్రెయిన్లు: సుమారు 11.
6.5 క్రీడ్‌మూర్ అయినా, 7 ఎంఎం-08 అయినా, 140 గ్రెయిన్లతో: 12, 13 దగ్గర.
.308 వించెస్టర్, 150 గ్రెయిన్లు: సుమారు 16.
.30-06, తులం గోలీతో: సుమారు 20.
.300 వించెస్టర్ మాగ్నం, అదే తులం గోలీతో: 26 దాకా.
.375 హాలండ్ అండ్ హాలండ్, 300 గ్రెయిన్లు: 35 దాటుతుంది.

అంటే .300 మాగ్నం ధక్కా .243కు మూడింతలకు దగ్గర. రోజూ బందూకు పట్టని మామూలు మనిషి పదిహేను దాకా హాయిగా ఓర్చుకుంటాడు, ఇరవై దాటితే శరీరం ముందే ముడుచుకుంటుందని తజుర్బా ఉన్నవాళ్లు చెప్పే మోటు లెక్క. రైఫిల్ లేకుండా షాట్‌గన్‌తో పోతే ధక్కా తప్పుతుందనుకోవద్దు. 12 గేజ్‌లో స్లగ్ పెట్టి కాల్చితే .30-06 కంటె గట్టిగా తంతుంది.

ముడుచుకోవడం అంటే ఏమిటి? ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ముందే మనిషికి తెలియకుండా కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది, వేలు మెత్తగా నొక్కకుండా గుంజుతుంది. ఇది బుజ్‌దిలీ కాదు. వేడి పెనం దగ్గర చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చినట్టు, శరీరం నేర్చుకున్న అలవాటు. ఒకసారి నేర్చుకుంటే మరిపించడం కష్టం. అందుకే మొదటి బందూకే పెద్దది ఇచ్చి "అలవాటైతది" అనడం నా దృష్టిలో జుల్మ్. అలవాటయ్యేది నిషానా కాదు, భయం.

జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే జాగా ఎనిమిది అంగుళాల గుండ్రం. ముందుకాలి వెనకాల, ఛాతీ మీద. గోలీ అక్కడ పడితే జానవర్ కొన్ని పదుల గజాలు పరిగెత్తి, కొన్ని సెకన్లలో కూలుతుంది. వేలు గుంజిన గుంజుకు గోలీ ఒక జానెడు వెనక్కి పోయిందనుకోండి, కడుపులో పడుతుంది. ఆ జానవర్ వెంటనే చావదు. పొదల్లో దూరి గంటల తరబడి తడఫ్‌తుంది. కొన్నిసార్లు దొరకనే దొరకదు. పెద్ద కేలిబర్‌తో కడుపులో కొట్టినా అది కడుపు దెబ్బే. కేలిబర్ పెద్దదని గోలీ దారి మార్చుకుని గుండెకు పోదు.

ఇహ్‌సాన్ అంటే ఇదే

ప్రతి పనిలోనూ ఇహ్‌సాన్‌ను అల్లాహ్ మన మీద రాశాడని, జబహ్ చేసేవాడు కత్తికి పదును పెట్టుకుని జానవర్‌కు ఆరామ్ ఇవ్వాలని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన మాట సహీహ్ ముస్లింలో ఉంది. బక్రీద్‌కు ముందు మండీబజార్‌లో ఖసాయీ కత్తి సాన పట్టించడం మనమందరం చూస్తాం. మొద్దు కత్తి తెచ్చిన ఖసాయీని ఇంట్లోకి రానివ్వం. ఎంత పొడుగు కత్తి అని అడగం, పదునుందా లేదా, చెయ్యి స్థిరంగా ఉందా లేదా చూస్తాం.

షికార్‌లో పదును అంటే నిషానా. నిషానా చెడగొట్టే ధక్కా మొద్దు కత్తితో సమానం. ఇంతే నా దలీల్.

ప్రాణమున్న దాన్ని ఉత్తి నిషానా గురికి వాడొద్దని కూడా హదీస్ ఉంది. దుప్పి మీద కాల్చి "నా చెయ్యి ఎట్లుందో చూద్దాం" అనుకునేవాడికి అది జవాబు. చెయ్యి ఎట్లుందో కాగితం మీద చూసుకోవాలి.

పెళ్లి దావత్‌లో జర్దా పెట్టే చిన్న పేపర్ ప్లేటు తీసుకోండి. దాదాపు ఎనిమిది అంగుళాలు ఉంటుంది. రేంజ్‌లో యాభై గజాల దగ్గర పెట్టి, అడవిలో ఎట్ల కూర్చుంటావో అట్లనే కూర్చుని ఐదు గోలీలు కాల్చు. ఐదూ ప్లేటులో పడితే వంద గజాలకు జరుపు. నాలుగు పడి ఒకటి తప్పిన దూరం నీది కాదు. ఐదూ పడిన ఆఖరి దూరమే నీ హద్దు. దాని అవతల ఎంత అందమైన కొమ్ముల దుప్పి నిలబడ్డా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు.

భయం ఉందో లేదో తెలుసుకునే ఇంకో ఆజ్మాయిష్ ఉంది. నీ దోస్తును మేగజీన్ నింపమను. అసలు కార్తూసుల మధ్య ఎక్కడో ఒక ఉత్తుత్తి కార్తూస్ పెట్టమను. ఎక్కడుందో నీకు తెలియొద్దు. అది వచ్చినప్పుడు చప్పుడు రాదు, ధక్కా రాదు. అయినా నాలి కిందికి ఉలిక్కిపడితే నీ భుజం భయపడుతున్నట్టే. ఆ రోజు ఇంటికి పోయి చిన్న కేలిబర్ గురించి ఆలోచించు. ఇందులో బేఇజ్జతీ ఏం లేదు.

"చిన్న గోలీ గాయం చేసి వదులుతది కదా?"

ఇది బుజుర్గుల ఏతరాజ్. దీంట్లో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నేను ఒప్పుకుంటాను. నేను చిన్నది అన్నానే గానీ మరీ చిన్నది అనలేదు. .22 రిమ్‌ఫైర్ నేర్చుకోవడానికి మంచిది, దుప్పికి పనికిరాదు. టెక్సస్‌లో జింకల మీద రిమ్‌ఫైర్ వాడడం కానూన్‌కే ఖిలాఫ్. .223తో కాల్చేవాళ్లు ఉన్నారు, కానీ కొత్తవాడి తప్పును మాఫ్ చేసేంత బలం దాంట్లో లేదు. కొలరాడోలో పెద్ద జానవర్లకు .24 కంటె తక్కువ కేలిబర్ చెల్లదు. ఇల్లినాయిస్‌లో చాలా ఏళ్లు జింకకు రైఫిలే లేదు, 2023 నుంచి ఒక్క కార్తూస్ మాత్రమే పట్టే రైఫిళ్లు, అవి కూడా కొన్ని కేలిబర్లలోనే ఒప్పుకున్నారు. కాబట్టి షికాగోలో ఉన్నవాడు, డాలస్‌లో ఉన్నవాడు ఒకే బందూకు కొనలేరు. ముందు తమ స్టేట్ రూలు చదువుకోవాలి.

మన దీన్ మెచ్చేది ఏతిదాల్, నడిమి దారి. దుప్పి విషయంలో ఆ నడిమి దారి .243 నుంచి .308 దాకా ఉంది. సన్నటి పిల్లగాడు, ఆడపిల్ల, జిందగీలో బందూకు పట్టనివాడు .243తో మొదలుపెట్టొచ్చు. 1955లో వచ్చిన కేలిబర్ అది, .308 కార్తూస్ మెడను సన్నం చేసి తయారు చేశారు. అయితే దానికి 55, 58 గ్రెయిన్ల గోలీలు కూడా దొరుకుతాయి. అవి నక్కల్లాంటి చిన్న జానవర్ల కోసం. దుప్పికి 90 నుంచి 100 గ్రెయిన్లది, లోపలికి పోయాక విచ్చుకునే షికారీ గోలీయే తీసుకోవాలి. రేంజ్‌లో వాడే చవక ఫౌజీ రకం గోలీ సూదిలా దూరి అవతలికి పోతుంది, జానవర్ నడుస్తూనే ఉంటుంది.

నన్ను ఒక్కటే చెప్పమంటే 6.5 క్రీడ్‌మూర్ లేదా 7 ఎంఎం-08 అంటాను. మొదటిది 2007లో, రెండోది 1980లో వచ్చాయి. ధక్కా .308 కంటె తక్కువ, గోలీ బరువు ముప్పావు తులం కంటె కాస్త ఎక్కువ. తెల్లతోక జింకకైనా, మన చుక్కల దుప్పికైనా సరిపోతాయి. .308కు అలవాటైన భుజమైతే అదీ మంచిదే. నీల్‌గాయ్ మాత్రం వేరు. టెక్సస్ దక్షిణాన అవి కూడా ఉన్నాయి. అది మొండి జానవర్, బరువు రెండు వందల కిలోలు దాటుతుంది. దాని కోసం పెద్ద కేలిబర్ కావాలి. అందుకే కొత్తవాడు దాని జోలికి పోవద్దంటాను. దాని కోసమని పెద్ద బందూకు కొని, దాన్ని జింక మీద వాడడం అసలే వద్దు.

కేలిబర్ ఒక్కటే కాదు, బందూకు తొడుగు సైజు కూడా చూడాలి. పొడుగు మనిషి కోసం చేసిన కర్ర పొట్టి మనిషి భుజానికి ఆనదు, ఆనకపోతే ధక్కా దెబ్బలా తగులుతుంది. చివర రబ్బరు ప్యాడ్ ఉండాలి. మోయడానికి సుఖమని మరీ తేలిక రైఫిల్ కొంటే ఆ సుఖానికి భుజం ఖీమత్ కడుతుంది. కన్ను స్కోపుకు దగ్గర పెడితే గట్టిగా తన్నే బందూకు కనుబొమ్మ చీలుస్తుంది. చెవులకు మూత పెట్టుకోవాలి. భయంలో సగం చప్పుడుదే. నాలి చివర మజిల్ బ్రేక్ పెడితే ధక్కా తగ్గుతుంది గానీ చప్పుడు పక్కవాళ్ల చెవుల మీద పడుతుంది. మన భుజం బాధ తీసి పక్కవాడి చెవిలో పెట్టడం నాకు సరైన సౌదా అనిపించదు.

జబహ్ మస్‌అలా

ఇప్పుడు అసలు కష్టమైన మాట. గోలీతో చచ్చిన జానవర్ హలాలా? ఇందులో ఉలమా మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. మన దగ్గర ఎక్కువమంది హనఫీలం. హనఫీ ఉలమాలో చాలామంది చెప్పేది ఏమంటే, గోలీ కత్తిలా కోయదు, దెబ్బతో చంపుతుంది, కాబట్టి ప్రాణం ఉండగా చేరుకుని జబహ్ చేస్తేనే హలాల్. యమన్ ఆలిమ్ షౌకానీ నుంచి ఈ కాలపు ఎందరో అరబ్ ఉలమా దాకా ఇంకో వైపు ఉన్నారు. గోలీ బాణంలా చొచ్చుకుపోతుంది, బిస్మిల్లాహ్ అని కాల్చితే హలాల్ అంటారు. రెండు వైపులా హజ్రత్ అదీ బిన్ హాతిమ్ హదీసే దలీల్. మొనతో గుచ్చుకున్నది తినొచ్చు, అడ్డంగా తగిలి చచ్చింది తినొద్దు అన్న భావం అందులో ఉంది. గోలీ మొన కిందికి వస్తుందా, దెబ్బ కిందికి వస్తుందా అన్నదే జగడా.

నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. ఒక్క విషయంలో మాత్రం నా రాయ్ గట్టిగా చెప్తాను. కొంతమంది ఒక ఉపాయం చెప్తారు: "చిన్న కేలిబర్‌తో కాల్చు, వెంటనే చావదు, పోయి జబహ్ చేసుకోవచ్చు" అని. నేను ధక్కా తక్కువ కేలిబర్ తీసుకోమనడం దీని కోసం కాదు. కావాలని గాయం చేసి, బతికుండగా వెంటపడి కత్తి పెట్టడం జబహ్ ఆదాబ్‌లో లేదు, ఇహ్‌సాన్‌లో అసలే లేదు. ఊపిరితిత్తుల్లో గోలీ పడ్డ జింక సెకన్లలో పోతుంది. నువ్వు వంద గజాలు పరిగెత్తేలోపు అయిపోతుంది. కాబట్టి మీ ఇంటివాళ్లు మొదటి రాయ్‌ను పాటించేవాళ్లయితే, రైఫిల్ మీ ఇంటికి గోష్త్ తెచ్చే దారి కాదు. జింక మాంసం తినాలని ఉంటే హలాల్ జబహ్ చేసి అమ్మే చోటు వెతుక్కోండి. రెండో రాయ్‌ను పాటించేవాళ్లయితే ప్రతి గోలీకి బిస్మిల్లాహ్ చెప్పండి. ఏ దారి అన్నది రైఫిల్ కొనకముందే మీ మౌలానా సాబ్‌తో కూర్చుని తేల్చుకోండి. కూలిన జానవర్ పక్కన నిలబడి ఫోన్‌లో ఫత్వా వెతకడం జానవర్‌కూ ఇన్సాఫ్ కాదు, దీన్‌కూ కాదు.

వీసా మీద ఉన్నవాళ్లకు

తల్లిదండ్రులు ఇది జాగ్రత్తగా చదవండి. హెచ్-1బి, స్టూడెంట్, టూరిస్టు వీసాల మీద ఉన్నవాళ్లు బందూకు గానీ, కార్తూస్ గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ కానూన్ ప్రకారం నిషేధం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు అందులో ఒకటి. "దోస్తు బందూకే కదా, రేంజ్‌లో రెండు గోలీలు కాల్చి చూద్దాం" అని లైసెన్సు లేకుండా చేతపట్టినా జుర్మ్ కిందికి రావచ్చు. కొలువు, వీసా, రేపటి గ్రీన్‌కార్డు అన్నీ ఆ రెండు గోలీల మీద పెట్టొద్దు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు షికార్‌కు పోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. అది చేసి, లైసెన్సు తీసుకుని, ఒకసారి వీసా వకీల్‌ను అడిగి, అప్పుడు రైఫిల్ సంగతి. అది ఇంటికి వస్తే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, కార్తూసులు వేరే తాళంలో ఉండాలి. పసిపిల్లలున్న ఇంట్లో దీనికి బహానా చెల్లదు.

ఇంటికి వచ్చేటప్పుడు సంచులు, జాకెట్ జేబులు దులిపి చూసుకోండి. మరిచిపోయిన ఒక్క కార్తూస్ మన ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపించినా ఆర్మ్స్ యాక్ట్ కేసు అయ్యే ప్రమాదం ఉంది. అమ్మీకి చూపిద్దామని కొమ్ములు కూడా తేవొద్దు. ఆ దుప్పి టెక్సస్‌ది అని కస్టమ్స్‌వాళ్లకు, ఫారెస్టువాళ్లకు సాబిత్ చేసేలోపు సెలవు అయిపోతుంది.

బుజుర్గులకు నా గుజారిష్ ఒక్కటే. పరదేశంలో ఉన్న పిల్లగాడు షికార్ మాట ఎత్తితే "ఎంత పెద్ద బందూకు?" అని అడగొద్దు. "లైసెన్సు ఉందా? ప్లేటులో ఐదుకు ఐదు పడ్డాయా? జబహ్ సంగతి మౌలానాను అడిగావా?" అని అడగండి. మూడింటికీ హా అంటే వాడు ఏ నంబరు కేలిబర్ పట్టుకున్నా ఫరవాలేదు, దుఆ ఇచ్చి పంపండి. ఒక్కదానికి కాదు అన్నా, ఈసారికి దోస్తుల వెంట దుర్బీన్ పట్టుకుని పొమ్మనండి. దుప్పి అందం దుర్బీన్‌లో కూడా అంతే కనిపిస్తుంది. పైగా దానికి ధక్కా లేదు.